కడివెడు అంటే ఎంత? పుస్తకాల్లో కనిపించే ఇంటి సామాన్లతో మా ఊళ్లో ప్రదర్శన, సలహాలు కావాలి

కాలవగట్టు

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురానికి దగ్గర్లో చిన్న ఊరు. సంక్రాంతి సెలవుల్లో మా లైబ్రరీ హాల్లో మూడు రోజులు ఒక ప్రదర్శన పెడదామనుకుంటున్నాం. మన కథల్లో, పద్యాల్లో, సామెతల్లో వచ్చే ఇంటి సామాన్లు బల్లల మీద ఉంటాయి, ఏది ఏ రచనలో ఎలా వచ్చిందో పక్కన అట్ట మీద రాసి ఉంటుంది.

ఇది ఎక్కడ మొదలైందో చెప్తాను. మా పాప ఆరో తరగతి. ఒక రాత్రి వేమన పద్యం బట్టీ పడుతోంది, "గంగిగోవు పాలు గరిటెడైనను చాలు, కడివెడైన నేమి ఖరము పాలు" అని. ఖరమంటే గాడిద అని టీచరు చెప్పారట. "నాన్నా, కడివెడంటే ఎంత?" అంది. చాలా అన్నాను. "చాలా అంటే? బిందెడా, బకెట్టుడా?" అంది. మా ఇంట్లో కడవ లేదు. అమ్మ రెండు చేతులూ చాపి ఇంత అని గాల్లో చూపించింది. ఆ పద్యం నిలబడిందే ఆ రెండు సామాన్ల మీద, అవి పక్కపక్కన ఎప్పుడూ చూడని పిల్లకి అర్థం చెప్పినా సగమే అందుతుంది. ఆ రాత్రే అటక ఎక్కాను. కుంచం, మానిక, మరచెంబు, కంచు గిన్నె, తాటాకు విసనకర్ర, అమ్మ కాపురానికి తెచ్చుకున్న కత్తిపీట దొరికాయి. పక్కింటివాళ్లు తిరగలి ఇస్తామన్నారు. మొత్తం 14 వస్తువులయ్యాయి.

నేను అడిగేది రెండు విషయాలు. ఇంకా ఏమేం పెట్టొచ్చు, అందులోనూ మన గోదావరి రచయితలకి సంబంధించినవి? రెండోది, వచ్చినవాళ్లు ఫోటో దిగి వెళ్లిపోకుండా ఒక్క నిమిషమైనా ఆగేలా ఎలా పెట్టాలి?

తణుకు పడమటివీధి

చాలా మంచి పనండి. మా వైపు నుంచి తిలక్ ఉండాల్సిందే. తణుకు పక్కన మండపాకలో 1921లో పుట్టారు. ఆయన "తపాలా బంట్రోతు" కవిత కోసం ఒక ఇన్లాండు లెటరు, ఒక కార్డు, దొరికితే పాత ఖాకీ సంచి పెట్టండి. ఇన్లాండు లెటరుని ఎప్పుడైనా వస్తువుగా చూశారా? అదే కాగితం, అదే కవరు. ఎక్కడ మడవాలో గీత గీసి ఉంటుంది, అంచుకి జిగురు ముందే రాసి ఉంటుంది, ఆ నీలం పేజీల్లో చోటు అయిపోతే మా అమ్మమ్మ మడత పెట్టే అంచుల మీద కూడా నిలువుగా రాసేది, అందుకని ఉత్తరం చించేటప్పుడు ఆ అంచు మాటలు చిరిగిపోకుండా మా అమ్మ బ్లేడుతో కోసేది. ఇప్పటి పిల్లలకి ఒక్కో ఖాళీ ఇన్లాండు లెటరు ఇచ్చి అక్కడే ఎవరికైనా రాయమనండి. పోస్టాఫీసులో తక్కువ ధరకే వస్తాయి.

పాలగుమ్మి పద్మరాజుగారిని కూడా మర్చిపోవద్దు, ఆయనదీ మా అత్తిలి వైపే. "గాలివాన"కి 1952లో అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన సంగతి అందరికీ తెలుసు గానీ, మన కాలవల మనుషులకి దగ్గరది "పడవ ప్రయాణం". దాని కోసం పడవ నడిపే గెడ ఒకటి, ఒక హరికేన్ లాంతరు చాలు.

రాజమండ్రి_రేవు

ముందుగా ఒక మాట. ఇలాంటి ప్రదర్శన అనగానే అందరూ శ్రీశ్రీ అగ్గిపుల్ల, సబ్బుబిళ్ళ, తలుపు గొళ్ళెం దగ్గర మొదలుపెడతారు. తప్పు లేదు, ఆ చిన్న వస్తువులకి మన కవిత్వంలో అంత ధైర్యంగా కుర్చీ వేసినాయన ఆయనే. గుమ్మం దగ్గర ఆ మూడూ పెట్టేయండి, లోపల మాత్రం మన నేల సామాన్లు ఉండనివ్వండి.

నా సలహా తాటాకు, గంటం. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు ఉన్నాయి, వీలైతే ముందు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి చూపించండి. మన అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండటానికి తాటాకే కారణమని లిపి గురించి రాసినవాళ్లు చెప్తారు. ఇనప గంటంతో ఆకు ఈనె వెంబడి తిన్నగా గీస్తే ఆకు చీలిపోతుంది, గుండ్రంగా తిప్పితే చీలదు. గంటం గీసిన గీతకి మొదట రంగుండదు, మసి రుద్ది తుడిస్తే ఆ గీతల్లో నల్లగా నిలుస్తుంది. దీన్ని అట్ట మీద రాసి పెడితే ఎవరూ చదవరు. మనకి తాటిచెట్లకి కొదవా? ఎండబెట్టిన ఆకు ముక్కలు ఒక బుట్టలో, మొన అరగదీసిన మేకులు ఒక డబ్బాలో పెట్టండి. ముందు ఈనె వెంబడి ఒక గీత గీయమనండి, తర్వాత 'అ' రాయమనండి. ఆ ఒక్క పనితో రోజూ రాసే అక్షరం ఒకప్పుడు ఏ వస్తువు మీద పుట్టిందో చేతికే తెలుస్తుంది. మా తమ్ముడి పిల్లలతో చేయించాను, పెద్దాడు ఆకుని మూడుసార్లు చీల్చి నాలుగోసారి 'అ' రాసి, దాన్ని పుస్తకంలో దాచుకున్నాడు.

అల్లికసూది

నేను నరసాపురం దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. మా అమ్మ ముప్పై ఏళ్లు లేసు అల్లింది. కాలవగట్టుగారూ, మీరు ఎలాగూ లేసు పెడతారు, ఎవరో ఒకరు సలహా ఇస్తారు కూడా, అందుకే ముందే చెప్తున్నాను. లేసు గుడ్డని ఫ్రేములో బిగించి, పక్కన వెన్నెల గురించో మల్లెపువ్వుల గురించో ఒక అందమైన వాక్యం రాసి పెట్టకండి.

మా లేసు మీద కూడా ఒక పుస్తకం ఉంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో తిరిగి రాశారు, 1982లో వచ్చింది. ఇళ్లలో కూర్చుని అల్లే ఆడవాళ్లని కార్మికులుగా లెక్కెయ్యకుండా, ఏదో తీరిక వేళ కాలక్షేపంగా అల్లుకుంటున్నారని చెప్పి ఎంత తక్కువ ఇస్తున్నారో ఆమె అందులో వివరంగా రాశారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ మా అమ్మ చూపుడువేలు మీద దారం ఒరుసుకుపోయి పడ్డ గాడి అలాగే ఉంది. పొద్దున్న పొయ్యి పని అయ్యాక కూర్చునేది, సాయంత్రం వెలుగు పోయేదాకా అల్లుతూనే ఉండేది, ఏజెంటు వచ్చి మురికైందని ఒక్కో ముక్క పక్కన పడేస్తే ఆ రోజు కూలి పోయినట్టే. మురికి ఎక్కడిది? మాది మట్టి అరుగు. అందుకని తెల్లదారపు ఉండను ఒక గిన్నెలో పెట్టుకుని, కింద పాత చీర పరుచుకుని అల్లేది.

లేసు పెట్టండి. కానీ ఆ గిన్నె లేకుండా పెట్టకండి.

కాలవగట్టు

మీ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నానండి. నిజం చెప్పాలంటే నేను సరిగ్గా అదే చెయ్యబోయాను, ఫ్రేము కూడా మాట్లాడాను. వెంటనే మానేశాను. అమ్మగారు ఇప్పుడు ఎక్కడుంటున్నారు? వాళ్ల మాటల్లోనే నాలుగు వాక్యాలు రాయించి ఇవ్వగలరా? పుస్తకంలో వాక్యం ఒక పక్క, ఆవిడ వాక్యం ఇంకో పక్క, రెండూ ఒకే సైజు అక్షరాల్లో పెడతాను.

భీమవరం_నుంచి_దూరంగా

ఉద్యోగం మీద బయటి దేశంలో ఉంటున్నాను. రెండేళ్ల కిందట ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు సరిగ్గా ఇలాంటిదే ఒక మ్యూజియం చూశాను. ఓర్హాన్ పాముక్ అని నోబెల్ వచ్చిన నవలా రచయిత, 2008లో ఒక నవల రాసి, 2012లో అదే పేరుతో ఒక పాత ఇంట్లో మ్యూజియం పెట్టాడు. పేరుకి "అమాయకత్వపు మ్యూజియం" అనుకోవచ్చు. నవలలో 83 అధ్యాయాలు, అధ్యాయానికి ఒక అద్దాల పెట్టె. ఉప్పు డబ్బాలు, జుట్టు పిన్నులు, గడియారాలు, టీ గ్లాసులు, అన్నీ ఒక మధ్యతరగతి ఇంట్లో ఉండేవే. గోడంతా కథానాయిక కాల్చి పడేసిన 4,213 సిగరెట్ పీకలు, ఒక్కోదాని కింద చిన్న అక్షరాలతో ఒక మాట. నవల చివర్లో ఒక టికెట్టు బొమ్మ అచ్చేశారు, పుస్తకం పట్టుకెళ్తే దాని మీద ముద్ర కొట్టి లోపలికి పంపిస్తారు.

నాకు బాగా పట్టుకున్నది ఏంటంటే, ఆయన నవల రాసేశాక సామాన్లు వెతకలేదు. పాత సామాన్ల కొట్లలో వస్తువులు కొనుక్కుంటూ, వాటిని బల్ల మీద పెట్టుకుని చూస్తూ నవల రాశాడు. ఎవరిదో పాత చెంబు ముందు దొరికింది, దానికి కథ తర్వాత వచ్చింది. మీరూ కొన్నింటికి అలా చెయ్యండి. ఏ పుస్తకంలోనూ లేని ఒక వస్తువు పెట్టి, పక్కన తెల్లకాగితం, పెన్ను పెట్టండి. చూసినవాళ్లే రాస్తారు. అద్దాల పెట్టెలకి డబ్బులు కావాలంటే నేను కొంత పంపుతాను.

నులకమంచం

బాబూ, నీ మంచి మనసుకి సంతోషం గానీ అద్దాల పెట్టెలు వద్దు. నేను నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. పిల్లాడి చేతికి అందని వస్తువు పిల్లాడికి లేనట్టే. తిరగలి అద్దంలో పెడితే రాయిలా ఉంటుంది. పిడి పట్టుకుని నాలుగు చుట్లు తిప్పించి, గుప్పెడు మినుములు పోయించి చూడండి, అప్పుడు తిరగలి పాట అంత నిదానంగా ఎందుకు సాగుతుందో, ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో వాడికే తెలుస్తుంది. ఆ పాట కట్టింది కాగితం మీద కాదు, ఆ పిడి పట్టుకున్న చెయ్యి అలసిన చోట కట్టారు. దంపుళ్ల పాట వేగం వేరు, అది రోకలి లేచి పడే లెక్క. మన ఆడవాళ్ల సాహిత్యంలో సగం ఈ రెండు సామాన్ల దగ్గరే పుట్టింది, పుస్తకాల్లోకి వచ్చింది ఆ తర్వాత. అందుకే కాలవగట్టుకి నేను చెప్పేది, కవుల పేర్లతో పాటు పేరు లేనివాళ్లకి కూడా ఒక బల్ల ఉంచు నాయనా. సామెతలకి ఒకటి, పొడుపు కథలకి ఒకటి. "రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవనేల" అని రోలు పక్కన రాస్తే చాలు.

పొడుపు కథకి వస్తువుని గుడ్డ కింద దాచండి. "అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖంగా ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదైనాను." గుడ్డ తీస్తే పిడక. గోడకి కొట్టేటప్పుడు పడిన అయిదు వేళ్ల అచ్చుతో సహా ఉన్న పిడక తెండి. ఒక ఆవు పేడకి ఆత్మకథ రాసిన ఆ పేరు తెలియని మనిషికి నేను ఎప్పుడూ దండం పెడతాను.

లంకలో_ఇల్లు

నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదివి వెళ్లిపోతాను. ఇది చూశాక రాయాలనిపించింది.

మాది గౌతమి పాయలో లంక. 1986 ఆగస్టు వరదకి మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. తాతగారికి నన్నయ్య భారతం పుస్తకాలు ఉండేవి. నానమ్మ ముందు బియ్యం బస్తా అటక మీదికి ఎక్కించింది, తర్వాత పిల్లల్ని, తర్వాత ట్రంకు పెట్టెలో పుస్తకాలు. పెట్టె అటక మీద పట్టలేదు, రెండు బల్లల మీద పెట్టారు. నీళ్లు పెట్టె అడుగు నుంచి నాలుగు వేళ్లు ఎక్కాయి. ఇప్పుడా పుస్తకం తెరిస్తే ప్రతి పేజీ కిందా ఒకే ఎత్తులో టీ రంగు గీత ఉంటుంది, పై పద్యాలు శుభ్రంగా ఉంటాయి, కింది రెండు పాదాల దగ్గర కాగితం అట్టలా గట్టిపడి ఉంటుంది. కుట్టు దగ్గర వేలితో రుద్దితే ఇప్పటికీ సన్నటి ఒండ్రు రాలుతుంది. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ్య మొదలుపెట్టిన పుస్తకం, అదే నది ఒండ్రు దాని కుట్టులో ఉంది. మా నాన్న దాన్ని కొత్తగా బైండు చేయించనివ్వలేదు.

పుస్తకం కూడా ఒక వస్తువే కదండీ. మీ ప్రదర్శనకి ఇస్తాను. ట్రంకు పెట్టెతో సహా ఇస్తాను. మూడు రోజులూ నేనే పక్కన కూర్చుంటాను, పేజీలు నేనే తిప్పుతాను.

ఇంకోటి, చుట్ట. "కన్యాశుల్కం"లో గిరీశం పొగాకు గొప్పతనం మీద పద్యం చదువుతాడు కదా, ఆ చుట్టల్లో పేరుమోసింది మా లంక పొగాకే. పిల్లలొచ్చే చోట చుట్ట వద్దనుకుంటే పొగాకు ఆరబెట్టే తాడు ఒకటి పెట్టండి, అది మా పెరట్లో ఇంకా ఉంది.

కాలవగట్టు

చుట్ట వద్దులెండి, తాడు పెడదాం. పుస్తకం మాత్రం హాలు మధ్యలో ఉంటుంది. మీకు పడక కుర్చీ వేయిస్తాను, గోదారి దాటించే పంటు దిగాక ట్రంకు పెట్టె మోసే పని మా కుర్రాళ్లది.

రాజమండ్రి_రేవు

బాపు గురించి ఎవరూ అనలేదేంటి? నరసాపురంలో 1933లో పుట్టారు, ముళ్లపూడి వెంకటరమణగారు 1931లో ధవళేశ్వరంలో. బుడుగు బొమ్మ అందరికీ తెలుసు, నేను చెప్పేది ఆ చేతిరాత గురించి. తల కాస్త పక్కకి వాల్చినట్టుండే ఆ అక్షరాలు కథల మీద శీర్షికలుగా వచ్చి, కంప్యూటర్ ఫాంటుగా మారి, ఇప్పుడు పెళ్లి శుభలేఖల్లో, గృహప్రవేశం కార్డుల్లో, స్వీటు కొట్టు బోర్డుల మీద కూడా ఉన్నాయి. సాహిత్యం నుంచి రోజువారీ వస్తువులోకి నడిచొచ్చిన దారి ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు. ఊళ్లో పాత శుభలేఖలు పోగెయ్యండి, ఎవరింట్లోనైనా దేవుడి గూట్లో ఉంటాయి. వంశీ పసలపూడి కథలకి బాపు వేసిన బొమ్మలు పక్కన పెట్టండి. అక్షరాల పోలిక వాళ్లే పట్టేస్తారు.

కుంచం_మానిక

నా పేరు చూశారుగా, కుంచం అనగానే రాక తప్పలేదు. లెక్క ఇది. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం. ఇవన్నీ వరసగా పెట్టి పక్కన గంపెడు వడ్లు పోయండి, పిల్లలు కొలుచుకుంటారు. కొలిచేటప్పుడు ఒకటి గమనించండి, మా తాత మొదటి కుంచానికి ఒకటి అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. రెండు దగ్గర నుంచే అంకెలు. వడ్లు కొలవడం లెక్క మాత్రమే కాదు, నోటితో చదివే మంగళవాక్యం కూడా.

ఇక శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి "వడ్లగింజలు", ఒక చదరంగం ఆటగాడి కథ. ఆయన మన అనపర్తి దగ్గర పొలమూరు మనిషి, 1891లో పుట్టారు. చదరంగం బల్ల పెట్టి, మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ పోయమనండి. ఎనిమిదో గడికి 128, పిల్లలు హాయిగా లెక్కపెడతారు. పదహారో గడికి 32,768. వెయ్యి వడ్లగింజలు 20 నుంచి 25 గ్రాములు తూగుతాయి కాబట్టి ఆ ఒక్క గడికే దాదాపు ముప్పావు కిలో కావాలి, గడిలో పట్టవు. ఇరవై మూడో గడికి మన 75 కిలోల బస్తా దాటిపోతుంది. బల్ల మీద ఇంకా 41 గళ్లు ఖాళీగా ఉంటాయి. అక్కడ ఆగి కథ చదివి వినిపించండి. పెద్దాపురం సంస్థానంలో ఒక ఆటగాడి తెలివి ఏపాటిదో చెప్పడానికి ఇంతకన్నా వేరే బొమ్మ అక్కర్లేదు. అదే రచయిత "గులాబీ అత్తరు" కోసం చిన్న అత్తరు బుడ్డి పెట్టండి, మూత తీసి. వాసన హాలంతా తిరగాలి.

వడ్లు నేనిస్తాను, రెండు బస్తాలు, మా చేలో పంటే.

అల్లికసూది

కాలవగట్టుగారూ, ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్లాను. మీరడిగిన నాలుగు వాక్యాలు అడిగితే "నేనేం చెప్తానే, నాకు చదువొచ్చా" అంది. ఊరుకున్నాను. కాసేపాగి సూది చేతికిచ్చి దారం ఉండ గిన్నెలో వేస్తే చేతులు వాటంతట అవే మొదలయ్యాయి, అల్లుతూ చెప్పింది, నేను రాసుకున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు.

"ఇది బల్ల గుడ్డ. ఎవరి బల్లో నాకు తెలీదు. నేను బల్ల మీద అన్నం తినలేదు. నా చేతి గుడ్డ మీద ఎవరో తింటున్నారు, వాళ్లు పచ్చగా ఉండాలి. పువ్వు దగ్గర పన్నెండు ముళ్లు తియ్యాలి, పదకొండు తీస్తే పువ్వు ముడుచుకుపోద్ది."

ఇదీ ఆవిడ చెప్పింది. మూడో రోజు తనే వస్తానంటోంది, మధ్యాహ్నం బస్సుకి తీసుకొస్తాను. నడుం నొప్పి ఉంది, కింద కూర్చోలేదు. ఎత్తు పీట ఒకటి చూడండి, కిటికీ పక్కన వెయ్యండి, వెలుగు ఎడమ వైపు నుంచి పడాలి.

నులకమంచం

అమ్మా, ఆ మాటలు రెండుసార్లు చదివాను. మా బడిలో ఇన్నేళ్లు చెప్పిన ఏ పద్యానికీ ఇది తక్కువ కాదు. అట్ట మీద ఆవిడ పేరు రాయించు నాయనా, రచయితల పేర్లు రాసిన రంగుతోనే.

భీమవరం_నుంచి_దూరంగా

మాస్టారూ, అద్దాల పెట్టెల మాట వెనక్కి తీసుకున్నాను. ఆ డబ్బుతో అమ్మగారికి మంచి చేతుల కుర్చీ కొనండి, తర్వాత లైబ్రరీలోనే ఉంటుంది. సెలవు దొరికింది, భోగి నాటికి వస్తున్నాను, బల్లలు మొయ్యడానికి నన్ను లెక్కలో వేసుకోండి.

కాలవగట్టు

అందరికీ ఒకేసారి జవాబిస్తున్నాను. పీట, కిటికీ, ఎడమ వైపు వెలుగు, రాసుకున్నాను. తిరగలికి మినుములు, తాటాకులు, మేకులు, ఇన్లాండు లెటర్లు 200, శుభలేఖలు ఇప్పటికే ఒక సంచి నిండాయి. పిడక మా మేనత్త కొట్టి ఎండబెడుతోంది. అత్తరు బుడ్డి ఇంకా దొరకలేదు, ఎవరి దగ్గరైనా పాత గాజుది ఉంటే చెప్పండి.

కడవ నిన్న దొరికింది. మా ఊరి కుమ్మరి తాతగారి ఇంట్లో పెరట్లో బోర్లించి ఉంది, అంచు ఒక చోట కాస్త విరిగింది. పాపా నేనూ బావి దగ్గర కూర్చుని కొలిచాం. అమ్మ పాత ఇత్తడి గరిటెతో నీళ్లు పోస్తూ అది లెక్కపెట్టింది, అరవై దగ్గర ఒకసారి లెక్క తప్పి మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టింది. 113 గరిటెలు పట్టింది. కాసేపు కడవ వైపు, చేతిలో గరిటె వైపు చూసి "నాన్నా, అయితే ఆ ఆవు పాలు ఎంత మంచివో కదా" అంది. అట్ట మీద 113 అని తనే రాసింది.

కుంచంగారూ, వడ్లు రెండు బస్తాలు చాలవేమో, మూడు పంపండి. లారీ వద్దు, మా ఆటో పంపిస్తాను.